కట్టెల పొయ్యి పొగను కొలవాలంటే

వంటింటి పొగ మీద పరిశోధన మొదలుపెట్టేవాళ్లు ముందుగా చదవాల్సిన కొలతలు మన ఊళ్లలో తీసినవే. చెన్నై శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం, హైదరాబాద్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ సిస్టమ్స్‌తో కలిసి, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో నాలుగు వందలకు పైగా ఇళ్లలో కొలతలు తీసింది. ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. గ్యాస్ వాడే ఇళ్లలో ఘనపు మీటరు గాలికి 24 గంటల సగటున 73 మైక్రోగ్రాముల సన్నని ధూళి ఉంటే, కట్టెలు, పిడకలు వాడే ఇళ్లలో అది 732 దాకా పోయింది.

ఈ రెండు అంకెలూ అందరికీ గుర్తుంటాయి. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది అదే పరిశోధనలోని ఇంకో సంగతి. మనుషులు రోజంతా పీల్చిన సగటు 573 దగ్గరే ఆగింది. వంట చేసే ఆడవాళ్లు అందరికంటే ఎక్కువ పీల్చారు, అది ఊహించేదే. మగవాళ్లలో మాత్రం ఎక్కువ పీల్చింది 65 నుంచి 80 ఏళ్ల పెద్దవాళ్లు. పొలం పోయే వయసు దాటి ఇంటిపట్టున ఉండేది వాళ్లే కదా. అంటే వంటింటి గాలి ఒక లెక్క, మనిషి పీల్చింది ఇంకో లెక్క. పొయ్యి ఎన్నిసార్లు వెలిగిందన్నది మూడోది. గ్యాస్ కనెక్షన్ ఉందా లేదా అని సర్వే ఫారంలో టిక్కు పెడితే ఈ మూడింటిలో ఒక్కటీ తెలియదు.

వంటింట్లో పరికరం పెట్టేచోటుకు ఒక పద్ధతి ఉంది. పొయ్యి అంచు నుంచి మీటరు దూరం, నేల నుంచి సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు, తలుపులకూ కిటికీలకూ కనీసం మీటరున్నర ఎడం. ఆరడుగుల వంటింట్లో ఈ మూడూ ఒకేసారి కుదరవు. అప్పుడు పొయ్యి దూరాన్నీ ఎత్తునూ వదలకుండా, తలుపు ఎంత దగ్గరుందో టేపుతో కొలిచి ఫారంలో రాసుకోండి. పూరిల్లయితే గోడకు, పైకప్పుకు మధ్య సందు ఎంతుందో కూడా రాయాలి. పొగ పోయేది ఎక్కువగా అక్కడినుంచే.

పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నని ధూళి) కోసమైతే 37 మిల్లీమీటర్ల టెఫ్లాన్ ఫిల్టర్, దాని ముందు పెద్ద రేణువుల్ని వడకట్టే సైక్లోన్, నిమిషానికి 1.5 లీటర్ల గాలి లాగే పంపు ఉంటే చాలు. ఈ ప్రవాహం సైక్లోన్‌ను బట్టి మారుతుంది. ఒక రకానికి చెప్పిన వేగంతో ఇంకో రకాన్ని నడిపితే వడకట్టే సైజే మారిపోయి, మీరు కొలిచింది పీఎం 2.5 కాకుండా పోతుంది. పంపు పెట్టేటప్పుడు ఒకసారి, తీసేటప్పుడు ఒకసారి ప్రవాహం కొలవండి. తేడా 10 శాతం దాటితే ఆ నమూనాను లెక్కలోంచి తీసెయ్యాలి, మనసు చంపుకునైనా సరే.

లెక్క తేలికే. నిమిషానికి 1.5 లీటర్ల చొప్పున 1,440 నిమిషాలకు 2,160 లీటర్లు, అంటే 2.16 ఘనపు మీటర్లు. ఫిల్టర్ బరువు 438 మైక్రోగ్రాములు పెరిగి, గాలి లాగకుండా ఉంచిన బ్లాంక్ ఫిల్టర్ 6 పెరిగితే నికరం 432. దాన్ని 2.16తో భాగిస్తే ఘనపు మీటరుకు 200 మైక్రోగ్రాములు. కష్టమంతా తూచడంలోనే ఉంది. 20-23 డిగ్రీల వేడి, 30-40 శాతం తేమ ఉన్న గదిలో ఫిల్టర్‌ను 24 గంటలు ఉంచి, ఒక మైక్రోగ్రాము దాకా చూపే త్రాసు మీద ముందూ వెనకా ఒకేలా తూచాలి. టెఫ్లాన్‌కు స్థిర విద్యుత్తు ఇట్టే పడుతుంది. అయనైజర్ కింద పెట్టి ఆ చార్జిని పోగొట్టకపోతే త్రాసు అంకె నిలవదు. పది నమూనాలకొక బ్లాంక్ ఫిల్టర్‌ను ఊరికి తీసుకెళ్లి, గాలి లాగకుండా వెనక్కి తేవాలి. దారిలో, చేతుల్లో చేరిన బరువెంతో చెప్పేది అదొక్కటే. పొగ ఇంట్లో 10 మైక్రోగ్రాముల పొరపాటు లెక్కలోకి రాదు కానీ గ్యాస్ ఇంట్లో అది ఘనపు మీటరుకు దాదాపు 5 మైక్రోగ్రాముల తేడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన వార్షిక పరిమితి కూడా 5 మాత్రమే.

పొగ మరీ ఎక్కువైన చోట ఇబ్బంది తిరగబడుతుంది. 732 ఉన్న వంటింట్లో ఆ ఫిల్టర్ మీద మిల్లీగ్రామున్నరకు పైగా మసి చేరుతుంది. ఫిల్టర్ బిగుసుకుని పంపు ఆయాసపడుతుంది, ప్రవాహం పడిపోతుంది. నాలుగు నిమిషాలకు ఒక నిమిషం మాత్రమే నడిచేలా పంపును సెట్ చేస్తే 24 గంటలకు 540 లీటర్లే లాగుతుంది, రోజులోని అన్ని వేళల గాలీ అందులో ఉంటుంది.

కాంతిని చెదరగొట్టి నిమిషం నిమిషానికి అంకె చూపే చిన్న పరికరాలు ఎప్పుడు పొగ లేచిందో బాగా చెబుతాయి. పొయ్యి రాజేసేటప్పుడూ, ఆరిపోయే ముందూ గీత నిట్టనిలువుగా లేవడం కనిపిస్తుంది. ఎంత పొగ అన్నదానికి మాత్రం వాటిని నేరుగా నమ్మకూడదు. పిడకల పొగ, పత్తి కట్టె పొగ కాంతిని ఒకేలా చెదరగొట్టవు. చలికాలం తెల్లవారుజామున తేమకు రేణువులు ఉబ్బి అంకె పెరుగుతుంది. కొన్ని ఇళ్లలోనైనా పక్కనే ఫిల్టర్ పెట్టి సరిచూసుకోవాల్సిందే.

ఇక మనిషికి తొడిగే పరికరం. గాలి లాగే మూతి ముక్కుకు 30 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు చీర కొంగు. కొంగు మూతి మీద పడితే గుడ్డ వడకట్టిన గాలే లోపలికి పోతుంది. వంట చేసే ఆమె కొంగు ఎటు వేసుకుంటుందో చూసి, దానికి ఎదురు భుజం మీద బిగించండి. మొదటి పది నిమిషాలు వంగమని, లేవమని చెప్పి గమనించండి. ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు వంగినప్పుడు ఆమె ముఖం మంటకు దాదాపు అడుగు దూరంలో ఉంటుంది. 145 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న స్టాండుకు ఆ క్షణం అందదు. స్నానానికీ నిద్రకూ తీసినప్పుడు పరికరాన్ని మంచం పక్కన మేకుకు తగిలించమనండి, ట్రంకుపెట్టెలో దాస్తే కొలత పనికిరాదు. దోమల కాయిల్, అగరుబత్తి, పెరట్లో తగలేసిన చెత్త గురించి మర్నాడు అడిగి రాసుకోవాలి.

మూడో లెక్కకు, అంటే పొయ్యి ఎన్నిసార్లు వెలిగిందో తెలియడానికి, చొక్కా గుండీ అంత ఉండే ఉష్ణోగ్రత లాగర్ (వేడిని తనంతట తానే నమోదు చేసుకునే పరికరం) చాలు. 8,192 రీడింగులు పట్టే రకాన్ని పది నిమిషాలకొకటి చొప్పున పెడితే 56 రోజులు నడుస్తుంది. వీటిలో 125 డిగ్రీల దాకా తట్టుకునేవి ఉన్నాయి, అంతకు మించితే పాడైపోతాయి. అందుకని మంట తగలని పక్కగోడకు అంటించాలి. మే నెలలో రేకుల కింద గోడే 45 డిగ్రీలుంటుంది. 'ఫలానా డిగ్రీ దాటితే పొయ్యి వెలిగినట్టు' అని గీత గీస్తే రోజూ మధ్యాహ్నం పొయ్యి వెలిగినట్టే వస్తుంది. గదిలో ఇంకో లాగర్ పెట్టి ఆ తేడానూ, వేడి ఎంత వేగంగా పెరిగిందో చూడాలి. ఇంట్లో ఉన్న ప్రతి పొయ్యికీ ఒకటి పెట్టండి. అన్నం, కూర గ్యాస్ మీదే చేసినా స్నానానికి నీళ్లు కాగేది, గొడ్లకు ఉలవలు ఉడికేది పెరటి పొయ్యి మీద. 'మీరు దేంతో వండుతారు?' అని అడిగితే ఆ పెరటి పొయ్యి జవాబులోకి రాదు, అది వంట కాదు కాబట్టి.

ఇంత శ్రమ ఎందుకంటే, గ్యాస్‌కు మారితే పిల్లల పుట్టుక బరువు పెరుగుతుందా అని చూసిన హాపిన్ పరిశోధన చూడండి. భారత్, గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో సుమారు 3,200 మంది గర్భిణులతో జరిగింది. మన దేశంలో తమిళనాడులోని విళుపురం, నాగపట్నం ప్రాంతాలు. సగం మందికి గ్యాస్ పొయ్యి ఇచ్చి బండలు ఉచితంగా ఇంటికే చేర్చారు. వాళ్లు పీల్చిన పీఎం 2.5 మధ్యస్థ విలువ 24కు దిగింది, కట్టెల పొయ్యి మీద వండినవాళ్లలో 71 దగ్గర ఉంది. అయినా 2022లో వెలువడిన ఫలితాల్లో పిల్లల పుట్టుక బరువులో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు, సగటులు 2,921 గ్రాములు, 2,898 గ్రాములు. పీల్చింది కొలవకపోయుంటే 'గ్యాస్ సరిగ్గా వాడి ఉండరు' అని ఈ ఫలితాన్ని పక్కన పెట్టేవాళ్లం. కొలిచారు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. గర్భం 9 నుంచి 20 వారాల మధ్య గ్యాస్ అందడం ఆలస్యమా, 24 కూడా ఎక్కువేనా అన్న అసలు ప్రశ్నలు ముందుకొచ్చాయి. అక్కడ వాడిన పరికరం నిమిషానికి 0.3 లీటర్లే లాగుతుంది. గ్యాస్ ఇంట్లో రోజంతా నడిస్తే ఫిల్టర్ మీద చేరేది పది మైక్రోగ్రాముల చిల్లర. నిధుల ప్రతిపాదన రాసేటప్పుడు పరికరాల సంఖ్య కంటే ముందు తూకం గదికీ బ్లాంక్ ఫిల్టర్లకూ డబ్బు కేటాయించమనేది ఇందుకే.