కళ్లజోడు లేకుండా సంతకమట!

మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉండటం, ట్రెడ్‌మిల్ పరీక్ష, యాంజియోగ్రామ్‌కు తేదీ దొరకడం అన్నీ వారంలో అయిపోయాయి. అసలు కథ బల్ల మీద మొదలైంది.

మణికట్టులోంచి పంపిన గొట్టం ఇంకా లోపలే ఉంది. ఒంటి మీద పలచటి దుప్పటి, కళ్లజోడు బయట మా ఆవిడ దగ్గర. "మూడు రక్తనాళాల్లోనూ పూడికలున్నాయి. ఇప్పుడే స్టెంట్లు వేసేద్దాం, సంతకం పెట్టండి" అన్నారు డాక్టరు. స్టెంటంటే పూడిన నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం. తెర మీద నాకు కనిపించింది అలికేసిన నల్ల గీతలే. కాగితం చదవాలి, కళ్లజోడు తెప్పించమన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. సర్జన్‌ను ఒకసారి అడగవచ్చా అంటే, "ఈ రోజుల్లో ఛాతీ కోయించుకునేదెవరండీ, అది పాతకాలం వైద్యం" అన్నారు. బయటికి వెళ్లి మా ఆవిడతో "మీవారు మొండికేస్తున్నారు, మీరైనా చెప్పండి" అన్నారట. అరవై దాటిన మనిషి మీద బడిపిల్లాడి మీద చెప్పినట్టు ఫిర్యాదు!

సంతకం పెట్టలేదు. గొప్పకే చెబుతున్నాను.

గుండెపోటుతో వెళ్లి ఉంటే వేరే సంగతి, అప్పుడు మూసుకుపోయిన నాళాన్ని వెంటనే తెరవాల్సిందే. నాకు ఆలోచించుకునే వ్యవధి ఉంది. పైగా పన్నెండేళ్లుగా మధుమేహం. రెండోచోట కార్డియాలజిస్టు, సర్జన్ పక్కపక్కన కూర్చుని నా యాంజియోగ్రామ్ సీడీ చూశారు. 1977లో నాళంలో బెలూన్ ఉబ్బించి పూడిక తెరిచే చికిత్స వచ్చాక, ఆ తర్వాత స్టెంట్లు వచ్చాక చాలామందికి బైపాస్, అంటే ఛాతీ కోసి పూడిక పక్కనుంచి రక్తానికి కొత్త దారి వేసే ఆపరేషన్, తప్పిన మాట నిజమేనట. కానీ మధుమేహం ఉండి మూడు నాళాలూ పూడినవారి లెక్క వేరన్నారు. 2012లో వెలువడిన ఫ్రీడమ్ అధ్యయనంలో మధుమేహం ఉండి ఒకటి కంటే ఎక్కువ నాళాలు పూడినవారు 1,900 మంది. ఐదేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి స్టెంట్లు వేసినవారిలో 26.6 శాతం, బైపాస్ చేసినవారిలో 18.7 శాతం. పక్షవాతం ఒక్కటీ బైపాస్ తర్వాతే ఎక్కువని కూడా సర్జన్ దాచలేదు. ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

బైపాస్‌కే ఒప్పుకున్నాను. మత్తులో ఉన్నాను కనుక ఆపరేషన్ జరిగిన సంగతే నాకు తెలియలేదు. ఛాతీ లోపలి ధమనిని గుండె ముందువైపు నాళానికి కలిపి, మిగతా రెండింటికి కాలి సిర వాడారు. దగ్గు వస్తే దిండును ఛాతీకి హత్తుకోమని పదిసార్లు చెప్పారు. ఛాతీ కంటే సిర తీసిన కాలే ఎక్కువ సలుపుతుందని మాత్రం ఒక్కరూ చెప్పలేదు.