మాసెరేల్ నీటిరంగుల్లో పారిస్ జనం

చిత్రకారుడు మాసెరేల్ అనగానే అందరూ నలుపు తెలుపు చెక్క అచ్చుల (చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చు వేసే బొమ్మల) గురించే మాట్లాడతారు గానీ నాకు మాత్రం ఆయన 1920ల్లో పారిస్‌లో వేసిన వాటర్‌కలర్లంటే ప్రాణం. వాటి గురించి రాసేవాళ్ళు తక్కువ, అందుకే ఈ పోస్టు.

ఫ్రాన్స్ మాసెరేల్ (పేరు ఫ్రాన్స్ గానీ బెల్జియం మనిషి) 1889లో పుట్టాడు, ఘెంట్‌లో పెరిగాడు. మొదటి ప్రపంచయుద్ధంలో తుపాకీ పట్టనన్నాడు, జెనీవాలో రెడ్‌క్రాస్‌కి అనువాదాలు చేసిపెడుతూ లా ఫెయ్ అనే పత్రికకి దాదాపు రోజూ యుద్ధం మీద మండిపడే బొమ్మ ఒకటి వేసిచ్చేవాడు. రచయితలు రోమా రోలాతో, స్టెఫాన్ త్సైగ్‌తో స్నేహాలు ఆ రోజుల్లోవే. సైన్యంలో చేరలేదు కాబట్టి యుద్ధం అయిపోయాక కూడా సొంత దేశానికి వెళ్ళే దారి లేక పారిస్ చేరాడు.

అక్కడ వేసినవే ఈ బొమ్మలు. పారిస్‌లోని మోన్‌మార్త్ర్ పేట వీధులు, బార్లు, డాన్సులు, నావికులు, రాత్రిపూట తిరిగే జనం. యుద్ధం ఎక్కడా కనపడదు. కానీ ఫ్రాన్సు ఆ నాలుగేళ్ళలో 13 లక్షల మందికి పైగా సైనికుల్ని పోగొట్టుకుంది, అది తెలిసి చూస్తే ఆ తాగేవాళ్ళలో, ఆ నవ్వే ఆడవాళ్ళలో ఎవరింట్లో ఎవరు పోయారో అన్న ఆలోచన రాకుండా ఉండదు.

చెక్క మీద చెక్కితే నలుపో తెలుపో, మధ్యలో ఇంకేం ఉండదు, యుద్ధం వద్దని గొంతెత్తి అరవడానికి అది బాగా పనికొచ్చింది. 1925లో నగరం మీద 100 చెక్క అచ్చులతో మాటల్లేని పుస్తకం చేసినప్పుడు కూడా డబ్బున్నవాడెవడో లేనివాడెవడో చూడగానే తెలిసిపోతుంది. నీటిరంగు అలా కాదు కదా, ఒక రంగు ఇంకోదాంట్లోకి పాకుతుంది, అంచులు కలిసిపోతాయి, ఆ డాన్సు చేసేవాళ్ళది నిజం సంతోషమా లేక ఏదో మర్చిపోడానికి పడే పాట్లా అంటే చెప్పలేం, రెండూ అయ్యుండొచ్చు. వీటిలో పాత కోపం చల్లారిపోయిందని కొందరికి అనిపించొచ్చు, నేనైతే ఒప్పుకోను. యుద్ధం వద్దని అంత గట్టిగా నిలబడింది ఇదిగో వీళ్ళ కోసమే, పనయ్యాక బయటికొచ్చి ఓ గ్లాసు తాగి పక్కవాడి భుజం మీద చెయ్యేసి నడిచేవాళ్ళ కోసం.

తర్వాత నాజీలు జర్మనీలో ఆయన పుస్తకాల్ని నిషేధించారు, 1940లో జర్మన్ సైన్యం వస్తుంటే పారిస్ కూడా వదిలి పారిపోవాల్సొచ్చింది. చెక్క అచ్చులు ఇప్పటికే చూసినవాళ్ళు ఈ వాటర్‌కలర్లు కూడా వెతికి చూడండి, ముఖ్యంగా బార్లవి.