తొమ్మిది ఖాళీలు

ఆదివారం. తొమ్మిదింటికే ఎండ వరండా దాటి లోపలికి వచ్చేసింది. ఆయన ఆర్టీసీ డ్యూటీకి వెళ్లిపోయారు. సర్వపిండి చేసి పెట్టి, టేబుల్ తుడుచుకుని, నేనూ మా పెద్దదీ చెరోవైపు కూర్చున్నాం. దానికి డిసెంబర్‌లో క్లాట్. నాకు వచ్చే నెలలో లాసెట్. అది జాతీయ లా యూనివర్సిటీలకు, ఇది మన తెలంగాణ లా కాలేజీలకు ప్రవేశ పరీక్ష. తల్లీబిడ్డలిద్దరూ లా పరీక్షలకే చదువుతున్నారని పక్కింటామె ఎప్పుడూ నవ్వుతుంది. నవ్వనీ.

నాకు 43 ఏళ్లు. హనుమకొండలో ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గర పదకొండేళ్లుగా పని. సేల్ డీడ్లు, గిఫ్ట్ డీడ్లు టైప్ చేసీ చేసీ, ఆ వాక్యాలు ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకోవాలన్న పురుగు ఎప్పుడో తొలిచింది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి పై వయసు అడ్డు లేదని తెలిసిన రోజే బీరువాలోంచి డిగ్రీ మెమో తీశాను. అందులో 51 శాతం. ఓసీలకు 45, బీసీలకు 42 ఉంటే చాలు. ఆ 51 శాతానికి అప్పట్లో మా నాన్న ఎంత తిట్టాడో!

అసలు ఈ రోజు రాయాలనుకున్నది వేరే. రెండు వారాలుగా పెద్దది సరిగ్గా తినడం లేదు. సీనియర్ దగ్గర సగం ధరకు కొన్న పుస్తకంలో మోడల్ పేపర్లు చేస్తోంది. రెండు గంటల్లో 150 ప్రశ్నలు. ఒక్కరోజు కూడా పూర్తి కాలేదు. ఏ రోజు చూసినా ఇరవై, ముప్పై మిగిలిపోవడం, అది ముఖం మాడ్చుకోవడం. "నాకు చదివే స్పీడే లేదమ్మా" అని రాత్రి ఏడ్చింది కూడా.

నిన్న ఆఫీసులో పని తక్కువగా ఉంటే క్లాట్ వాళ్ల వెబ్‌సైట్ తెరిచి, పరీక్ష పద్ధతి ఉన్న పేజీలు ప్రింట్ తీసుకున్నాను. మా సార్ దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అదే. లింక్ డాక్యుమెంట్, అంటే ఆ ఆస్తి పాత దస్తావేజు, చూడకుండా కొత్త డాక్యుమెంట్ మీద చెయ్యి పెట్టకూడదు. పొద్దున ఆ కాగితాలు ముందేసుకుని చదువుతుంటే రెండో లైన్‌లోనే ఉంది, 120 ప్రశ్నలు అని. మళ్లీ చదివాను. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. 2024 క్లాట్ నుంచే 150 కాస్తా 120 అయిందట. దీని పుస్తకం అంతకుముందుది. పిల్ల ఇన్నాళ్లూ ఒక్కో ప్రశ్నకు 48 సెకన్లతో కుస్తీ పడుతోంది, ఉన్నదేమో నిమిషం.

చెప్పగానే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. కాసేపు పుస్తకం వైపే చూసి, "ఆ అక్క మీద కోపం రావాలా, నా మీద రావాలా?" అంది. తర్వాత రెండు సర్వపిండ్లు తినేసింది.

నిమిషం ఉందంటే సులువని కాదు. ఒక్కో పాసేజ్ సుమారు 450 పదాలు, అంతా ఇంగ్లిషు, దాని కింద నాలుగైదు ప్రశ్నలు. కరెంట్ అఫైర్స్ కూడా పాసేజ్‌లోంచే. ఇంగ్లిష్ 22 నుంచి 26, కరెంట్ అఫైర్స్ 28 నుంచి 32, లీగల్ రీజనింగ్ అంతే, లాజికల్ మళ్లీ 22 నుంచి 26, లెక్కలు మాత్రం 10 నుంచి 14. తప్పుకు పావు మార్కు పోతుంది. దేశమంతా రాసే ఈ పరీక్ష పెన్నుతో గుండ్రాలు దిద్దుకుంటూ రాయాలి, మన రాష్ట్రం లాసెట్ ఏమో కంప్యూటర్ మీద. అటుది ఇటు, ఇటుది అటు అయినట్టుంది నాకైతే.

ఇక్కడే నా తెలివితేటలు బయటపడ్డాయి. లీగల్ రీజనింగ్ చూసి, ఇది నా ఏరియా, ఇటివ్వు అన్నాను. పాసేజ్ ఇల్లు అమ్మకం మీద. ఎక్కడో ఊహించి రాసిన రాజ్యం. అక్కడ సొమ్ము మొత్తం కట్టి, తాళాలు చేతికి తీసుకుంటే ఇల్లు కొన్నవాడిదే, రిజిస్ట్రేషన్ లేకపోయినా సరే. కింద ప్రశ్న, ఇల్లు ఎవరిది? నేను ఆలోచించనే లేదు. రిజిస్టర్ కాలేదు కాబట్టి అమ్మినవాడిదే అని టిక్ పెట్టాను. వంద రూపాయలు, ఆపై విలువున్న స్థిరాస్తి అమ్మాలంటే రిజిస్టర్డ్ డాక్యుమెంట్ ఉండాలని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్. పదకొండేళ్లుగా ఆ సెక్షన్ అన్నమే తింటున్నాను.

"అమ్మా, నువ్వు ఆఫీసుల ఉన్నవా, పరీక్షల ఉన్నవా? పాసేజ్‌ల ఏముంటే గదే చట్టం."

"అట్లాంటి కాగితం మా దగ్గరికి తెస్తే సార్ తరిమి కొడతడే."

"సార్ పేపర్ దిద్దడు కదా."

నాలుగు ప్రశ్నల్లో మూడు తప్పు. ముందుగా చట్టం తెలిసి ఉండక్కర్లేదు, ఇచ్చిన సూత్రాన్ని ఇచ్చిన కథకు అన్వయిస్తే చాలు అని ఆ ప్రింట్‌లోనే ఉంది. లింక్ డాక్యుమెంట్ గురించి పాఠాలు చెప్పేదాన్ని, నేనే చదవలేదు ఆ వాక్యం. ఇంకోటి, నాకు తెలిసింది పక్కనపెట్టడం ఇంత కష్టంగా ఉంటుందనుకోలేదు. రెండోసారి చేసినప్పుడూ చెయ్యి దానంతటదే ఆ రిజిస్ట్రేషన్ ఆప్షన్ వైపే పోయింది.

లాసెట్‌లో ఈ గొడవ లేదు. తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. 90 నిమిషాలు, 120 ప్రశ్నలు, ఒక్కోదానికి 45 సెకన్లు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, న్యాయశాస్త్ర ఆప్టిట్యూడ్ 60. తెలుగులోనూ ప్రశ్న ఉంటుంది. ఆ తెలుగు ఒక్కోసారి ఇంగ్లిషు కంటే భయపెడుతుంది. కోర్టులు ఇచ్చే రిట్ల పేర్లు అధికార పృచ్ఛ, ఉత్ప్రేషణ అని చూసి, పక్కన ఇంగ్లిషులో కో వారంటో, సెర్షియోరారి అని ఉంటే అప్పుడు ఊపిరి పీల్చుకుంటాను. 60 మార్కుల ఆ భాగం చదవడం మాత్రం భలే ఇష్టం. ఆస్తి హక్కు 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి 300ఎ అధికరణంలో పెట్టారని ఈ పుస్తకం పట్టాకే తెలిసింది. ఇన్నేళ్లూ జనాల ఆస్తులు టైప్ చేస్తూ ఆ సంగతే తెలియదు నాకు.

మధ్యాహ్నం ఫోన్‌లో అలారం పెట్టి నా లాసెట్ మాక్ టెస్ట్ రాశాను. మొదటి నుంచి వరుసగా వెళ్లడం తప్పయింది. రక్త సంబంధాల ప్రశ్న ఒకటి, ఆ ఫొటోలోని వ్యక్తి ఈవిడకు ఏమవుతాడని, నాలుగు నిమిషాలు తినేసింది. మా వైపు చుట్టరికాలే నాకు గుర్తుండవు. అలారం మోగేసరికి చివర్లో తొమ్మిది మిగిలాయి. వచ్చేసారి ఆ 60 మార్కుల భాగంతోనే మొదలుపెడతాను.

పేపర్ దిద్దింది పెద్దదే. 68. అర్హతకు 35 శాతం, అంటే 42 చాలు, దాటాను. కానీ సుబేదారిలో కేయూ (కాకతీయ యూనివర్సిటీ) లా కాలేజీలో సీటు కావాలంటే ర్యాంకు కావాలి, 42 కాదు. అది మార్కులు కూడి, తలెత్తి నా వైపు చూసింది.

"నీకు నెగెటివ్ లేదు కదా, ఈ తొమ్మిది ఎందుకు వదిలినవ్?"

తెలియనివి ఎట్లా పెడతా అన్నాను. కళ్లు మూసుకుని పెట్టినా నాలుగింటికి ఒకటి తగులుతుంది, రెండు మార్కులు పారేసుకున్నావంది. అంతటితో ఊరుకోలేదు. డాక్యుమెంట్‌లో ఖాళీ జాగా వదిలితే తర్వాత ఎవరైనా ఏమైనా రాసుకుంటారని, ఖాళీ కనిపిస్తే గీత కొట్టాలని నేనే దానికి చిన్నప్పుడు చెప్పానట. స్కేలు తెచ్చి, ఆ తొమ్మిది ఖాళీల మీదా ఒక్కో గీత కొట్టింది.

"ఇగ ఇప్పుడు రిజిస్ట్రేషన్‌కు పంపొచ్చు" అంది.