మా లస్కర్‌కు ప్రశంసా పత్రం ఇప్పించిన వైనం: నా అనుభవం

ఆగస్టు 15న జిల్లా కేంద్రంలోని పోలీసు పరేడ్ గ్రౌండ్‌లో మా సెక్షన్ లస్కర్‌కు ప్రశంసా పత్రం వచ్చింది. గోదావరి డెల్టాలో జలవనరుల శాఖ ఏఈ(అసిస్టెంట్ ఇంజినీరు)గా పనిచేస్తున్న నేను ఆ ఒక్క కాగితం కోసం పడిన పాట్లను మరచిపోకముందే రాసిపెడుతున్నాను. వచ్చే జనవరి 26కు తమ కింద పనిచేసే వారి పేరు పంపాలనుకునే అధికారులకు ఇది పనికి రావచ్చు. ఎవరికీ పనికి రాకపోయినా నా కడుపుమంట కొంత చల్లారుతుంది.

లస్కర్ అంటే ఎవరో డెల్టా రైతులకు చెప్పనక్కరలేదు. తనకు అప్పగించిన మేర కాలువ గట్టు వెంట రోజూ నడుస్తూ, తూముల షట్టర్లు ఎత్తుతూ దించుతూ, గేజీ చూసి నీటిమట్టం చెబుతూ, గట్టు ఎక్కడ బలహీనపడినా ముందుగా కబురు చేసే మనిషి అతడు. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ కాలువలు ఇలాంటి వారి కాళ్ల మీదే నడుస్తున్నాయని నా నమ్మకం. అక్కడి బ్యారేజీ దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. ఆ అంకెలు టీవీల్లో రోజంతా తిరుగుతాయి కానీ, కాలువ గట్ల మీద ఏం జరుగుతున్నదో ఎవరికీ పట్టదు. హెడ్ స్లూయిస్ (కాలువ మొదట్లోని తూము) దగ్గర మేము నీటిని తగ్గించినా, కురిసిన వానంతా పొలాల మీదుగా కాలువల్లోకే దిగుతుంది. నదిలో మట్టం తగ్గేదాకా మురుగు కాలువలు బయటికి లాగవు. గట్లకు అసలు పరీక్ష అప్పుడే.

అటువంటి ఒక రాత్రి మా లస్కర్‌కు గట్టు వెలుపలి పాదం దగ్గర ఊట కనిపించింది. ఊట రావడం విశేషమేమీ కాదు. వచ్చే నీరు తేటగా ఉన్నంతసేపు గట్టు తట్టుకుంటుంది; నీరు మట్టి రంగుకు తిరిగిందంటే మాత్రం లోపల మన్ను కొట్టుకుపోతున్నదని అర్థం. అతడు దోసిట్లో నీళ్లు పట్టి, టార్చిలైటు వెలుగులో చూసి, వేళ్ల మధ్య రాసి, ఇసుక తగలగానే ఊళ్లోకి పరుగెత్తి రైతులను లేపాడు. లోపలి వైపున ఉన్న పందికొక్కు బొరియ నోట్లో గడ్డి, బంకమట్టి కూరించి, వెలుపల ఊట చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా కట్ట వేయించాడు. ఊటను నేరుగా మూసివేస్తే అది మరోచోట పొడుచుకువస్తుంది. చుట్టూ కట్టి, లోపల నీటిని పెరగనిచ్చి, ఒత్తిడి తగ్గించాలి. ఇంజినీరింగ్ కాలేజీలో చదువుకున్నాను కనుక ఇది నాకు తెలుసు. ఏ కాలేజీ గడపా తొక్కని అతనికి నాకంటే ముందే తెలుసు. నేను జీపులో చేరుకునేసరికి నీరు తేటపడింది. అక్కడ గండి పడి ఉంటే కొత్తగా నాట్లు వేసిన చేలన్నీ ఇసుక మేట కింద పోయేవి.

స్వాతంత్ర్య దినోత్సవ ప్రశంసా పత్రాలకు పేర్లు పంపమని సర్క్యులర్ వచ్చిన రోజే నేను అతని పేరు రాశాను. ప్రొఫార్మా నింపడం, పాస్‌పోర్టు సైజు ఫొటో తీయించడం, పుట్టిన తేదీ, సర్వీసులో చేరిన తేదీ సరిచూడడం వంటివన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. విశిష్ట సేవలకు రుజువుగా ఫొటోలు, పేపర్ కటింగులు జతచేయాలన్న నిబంధన దగ్గర కొంచెం తడబాటు కలిగింది. కుండపోతగా వాన కురుస్తున్న అర్ధరాత్రి బస్తాలు మోస్తున్నవారిని ఫొటో తీసే తీరిక ఎవరికి ఉంటుంది? మర్నాటి పేపర్లో గట్టును పరిశీలిస్తున్న అధికారుల ఫొటో మాత్రం వచ్చింది. అందులో మా లస్కర్ లేడు, బస్తాలు ఉన్నాయి. ఆ కటింగే జతచేసి, పక్కన రైతుల సంతకాలతో ఒక వాంగ్మూలం పెట్టాను. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అసలు కథ డివిజన్ ఆఫీసులో ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు దగ్గర మొదలైంది. శాఖాపరమైన చర్యలేవీ పెండింగులో లేవని ఆ సీటు నుంచి సర్టిఫికెట్ రావాలి. సీటులో ఉన్న సీనియర్ అసిస్టెంటు నా కాగితాలను పైనుంచి కిందకు ఒకసారి చూసి, "లస్కర్‌కు ఎందుకండీ ఏఈ గారూ ఇవన్నీ? ఈసారి ఆఫీసు స్టాఫ్‌కు ఇద్దామనుకుంటున్నాం," అన్నాడు. నేను ఊరుకోకపోయేసరికి రిజిస్టరు తీసి, చాలా ఏళ్ల కిందట ఒక తూము షట్టరు స్క్రూ రాడ్ దొంగతనానికి గురైనప్పుడు విధి నిర్వహణలో అశ్రద్ధ కింద ఇతనికి మెమో ఇచ్చారనీ, దాని మీద తుది ఉత్తర్వు లేదు కనుక అది నేటికీ పెండింగే అనీ చూపించాడు.

1991 నాటి సీసీఏ నియమావళి (ప్రభుత్వ ఉద్యోగుల క్రమశిక్షణ నియమాలు) ప్రకారం చిన్న శిక్షలకు సంబంధించిన కేసులోనైనా అభియోగం తెలియజేయాలి, ఉద్యోగి వివరణ తీసుకోవాలి, దాన్ని పరిశీలించి ఉత్తర్వు వేయాలి. లస్కర్ వివరణ ఇచ్చాడు. ఉత్తర్వు వేయాల్సినది ఆఫీసు. ఆఫీసు చేయని పనికి అతడు దోషిగా నిలబడి ఉన్నాడు. ఆ సంగతి అతనికి తెలియనే తెలియదు. ఈ మాటే నేను కొంచెం గట్టిగా అన్నాను. బిల్లుల కోసం వచ్చిన కాంట్రాక్టర్లు అక్కడ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు, నేను నిలబడి ఉన్నాను. సీనియర్ అసిస్టెంటు వాళ్ల వైపు చూసి, "ఒక లస్కర్ కోసం ఇంత తిరుగుతున్నారంటే ఏఈ గారు అతనికి ఏమైనా బాకీ ఉన్నారేమో," అన్నాడు. అందరూ నవ్వారు. నా కొలతల పుస్తకంలో సంతకం పడితే తప్ప పైసా రాని మనిషి ఒకడు అందరికంటే పెద్దగా నవ్వాడు. ఆ ముఖం నాకు బాగా గుర్తుంది. అతని పని కొలిచేటప్పుడు అంగుళం ఎక్కువ రాయనూ లేదు, తక్కువ రాయనూ లేదు. ఆ నిగ్రహం నాకు ఉన్నందుకు ఇప్పటికీ గర్వపడుతున్నాను.

పాత ఫైలు వెదికిస్తే ఏదో ఒక ఆధారం దొరకక మానదనుకున్నాను. రికార్డు రూము తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. ఆయన వచ్చాక తాళం పట్టడం లేదన్నారు. చివరకు తలుపు తెరిస్తే, గుడ్డ మూటల్లో కట్టిన ఫైళ్లు ఏ సంవత్సరానివో రాసి ఉన్న చీటీలను ఎప్పుడో పురుగులు తినేశాయి. ఎల్.డిస్ అని, అంటే కొద్దికాలమే భద్రపరిచే తరగతి కింద మూసిన ఫైలును ఏడాది గడిచాక చింపేయవచ్చు గనుక, ఎవరైనా పొరపాటున అలా మూసి ఉంటే ఇక దిక్కు లేదనే భయం నన్ను వదలలేదు. ఆ దుమ్ములో ఒక్కొక్క మూటా విప్పుతూ కూర్చున్నది నేనే. సహాయానికి ఇచ్చిన మనిషి టీకి వెళ్లి మళ్లీ రాలేదు. ఆఖరికి స్టోర్సు ఇండెంట్ల మూటలో ఆ ఫైలు దొరికింది. అందులో ఎవరిచేతనో రాయించి మా లస్కర్ వేలిముద్ర కాకుండా పొడి అక్షరాలతో సంతకం చేసిన వివరణ ఉంది. రాడ్ పోయిన నాడే పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చినట్టు అందులో రాసి, రసీదు నకలు కూడా పిన్ను కొట్టి ఉంది. నోటు ఫైలు చివర అప్పటి ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) గారు ఆకుపచ్చ సిరాతో, వివరణ తృప్తికరంగా ఉంది, తదుపరి చర్య అవసరం లేదు అని రాసి తేదీ వేసి సంతకం పెట్టారు. దాన్ని ఉత్తర్వుగా టైపు చేసి పంపవలసింది ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు. ఎవరూ టైపు చేయలేదు. అంతే జరిగింది.

ఫైలు తీసుకెళ్లి చూపిస్తే సీనియర్ అసిస్టెంటు ఏమాత్రం చలించలేదు. "నోటు ఉంటే చాలదండీ, ప్రొసీడింగ్స్ ఉండాలి. అప్పటి ఈఈ గారు రిటైరైపోయారు కదా," అన్నాడు. ఇక ఆ సీటుతో మాట్లాడి లాభం లేదని, పాత నోటును ఉటంకిస్తూ, ఇప్పటి ఈఈ గారు అదే నిర్ణయాన్ని ఉత్తర్వుగా జారీ చేయడానికి అడ్డంకి లేదని వివరిస్తూ ఆన్‌లైన్‌లో ఫైళ్లు నడిపే ఈ-ఆఫీసులో నేనే నోటు పెట్టాను. నోటు రాయడంలో మా సర్కిల్‌లో నన్ను మించినవారు లేరని నలుగురూ అంటారు. ఈఈ గారు ఒక్క అక్షరం మార్చకుండా ఆమోదించి, సాయంత్రానికల్లా ప్రొసీడింగ్స్ ఇచ్చారు. ఇన్నేళ్లు ఎవరికీ పట్టని పని ఒక పూటలో అయింది. పేర్లు కలెక్టరేటుకు చేరవలసిన గడువు ఆ మర్నాడే.

ఇంతా చేసి ఈ సర్టిఫికెట్ మనిషి మంచితనానికి హామీ ఇస్తుందా అంటే అదీ లేదు. 2019లో మహబూబ్‌నగర్‌లో ఒక కానిస్టేబుల్ ఆగస్టు 15న ఉత్తమ సేవలకు పురస్కారం అందుకొని, ఆగస్టు 16న 17,000 రూపాయల లంచం తీసుకుంటూ ఏసీబీకి చిక్కిన సంగతి అన్ని పేపర్లలోనూ వచ్చింది. అతని మీదా ఆ ముందు రోజు దాకా పెండింగు చర్యలేవీ లేవనే ఎవరో ఒకరు రాసి ఉంటారు. పై అధికారి తన కళ్లతో చూసిన పని గురించి నాలుగు వాక్యాలు సొంతంగా రాసి, దాని కింద బాధ్యతతో సంతకం పెట్టాలి. మన ఆఫీసుల్లో ఎక్కువమంది తమ పేరు తామే రాయించుకుంటారు, లేదా సీటులో ఉన్నవాళ్లు వంతుల వారీగా పంచుకుంటారు. గట్ల మీద, రోడ్ల మీద, లైన్ల మీద ఉండేవాళ్లకు సర్క్యులర్ వచ్చిన సంగతే తెలియదు.

మా లస్కర్‌కు కబురు చెబితే, "మనకెందుకండీ బాబూ ఇయ్యన్నీ. ఆ సార్లనడిగి మంచి టార్చిలైటొకటి, వానకోటొకటి ఇప్పించండి సాలు," అన్నాడు. ఆ రెండూ ఇండెంటు పెట్టి ఇప్పించడం ప్రశంసా పత్రం కంటే కష్టమని అతనికి చెప్పడానికి మనసు రాలేదు. సొంత డబ్బుతో కొనిచ్చాను.

పరేడ్ గ్రౌండ్‌లో పతాకావిష్కరణ, గౌరవ వందనం, శకటాలు, పిల్లల నృత్యాలు అయ్యాక, ఎండ నెత్తికెక్కిన వేళ పత్రాలు ఇవ్వడం మొదలుపెట్టారు. శాఖల వారీగా పేర్లు చదువుతుంటే ఒకరి వెనుక ఒకరు ఎక్కి దిగడమే. కొంతసేపు కలెక్టర్ గారు, తరువాత జాయింట్ కలెక్టర్ గారు ఇచ్చారు. మా శాఖ వంతు వచ్చాక పేరు పిలిచి "ఆఫీసు సబార్డినేట్" అన్నారు. అది తనను కాదనుకొని మా లస్కర్ కదలలేదు. నేను వెనుక నుంచి తట్టి పంపాను. కలెక్టరేటుకు వెళ్లిన జాబితాలో హోదాను అలా మార్చింది ఎవరో తరువాత కనుక్కున్నాను, ఊహించినవారే. అదే వరుసలో మూడు పేర్ల తరువాత ఆ సీనియర్ అసిస్టెంటు కూడా, అంకితభావంతో కూడిన సేవలకు గాను, పత్రం అందుకున్నాడు. పత్రంలోని మాటలు అందరికీ ఒక్కటే. పేరు, హోదా మాత్రం చేత్తో నింపుతారు. హోదా సరిచేసి మరో పత్రం ఇవ్వమని అక్కడికక్కడే అర్జీ ఇచ్చాను.

ఈ దారిలో నడవబోయేవారు సర్క్యులర్ వచ్చేదాకా ఆగకూడదు. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలేనాటికే మీ కింది వారి మెమోలు, వివరణలు, తుది ఉత్తర్వుల పరిస్థితి ఏమిటో రిజిస్టరులో చూసుకోండి. మూయనివి ఉంటే వెంటనే మూయించండి. ఏ కాగితం ఇచ్చినా ఇన్‌వార్డ్ నంబరు లేకుండా కదలకండి. నోటి మాటతో చేస్తామన్నది ఏదీ నమ్మవద్దు. కలెక్టరేటుకు వెళ్లే తుది జాబితాను ఒకసారి కళ్లారా చూసే ఏర్పాటు చేసుకోండి. అందుకు ఎవరినైనా బతిమాలవలసి వస్తే బతిమాలండి, అందులో చిన్నతనం లేదు.

జనవరి 26కు నేను పంపబోయేది ఆ రాత్రి బస్తాలు మోసినవారిలో ఒకడైన అవుట్‌సోర్సింగ్ లస్కర్ పేరు. అతనికి మా దగ్గర సర్వీసు రిజిస్టరు లేదు, జీతం ఏజెన్సీ ద్వారా వస్తుంది. చర్యలు పెండింగులో లేవని అతని విషయంలో ఎవరు సంతకం చేయాలో తెలియజేయమని డివిజన్ ఆఫీసుకు నిన్ననే లేఖ రాశాను. ఆ లేఖ తీసుకున్నది అదే సీటు. ఇన్‌వార్డ్ నంబరు వేయించుకొనే వచ్చాను.