అవ్వ అరుగు మీద ఉత్తరం

నిన్న అనంతపురంలో పెళ్లిపత్రిక పంపడానికి పోస్టాఫీసుకు వెళ్లాను. మా చిన్నాయన ఉండేది హైదరాబాదులో. 50 గ్రాముల లోపు స్పీడ్‌పోస్టు 35 రూపాయలు ఉండేది, 2025 అక్టోబరు 1 నుంచి 47 అయింది. పన్ను వేరే. ఆ మధ్యే రిజిస్టర్డ్ పోస్టును కూడా అందులో కలిపేశారు. రిజిస్టరు ఉత్తరం అంటే మా ఇళ్లలో ఎంత గౌరవమో! అది విడిగా లేకుండా పోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

ఈ చిన్నాయనే ఒకప్పుడు మిలిటరీలో ఉండి ఇంటికి ఉత్తరాలు రాసేవాడు. తాడిపత్రి దగ్గర మా పల్లెకు పోస్టుమాన్ సైకిలు మీద వచ్చేవాడు. అవ్వకు చదువు రాదు. పోస్టుమానే అరుగు మీద కూర్చుని ఇన్‌లాండు కవరు అంచులు జాగ్రత్తగా చింపి, "ఇక్కడ నేను క్షేమం" దగ్గర నుంచి చదివేవాడు. అవ్వ ఆ ఒక్క మాటనే మళ్లీ చదవమనేది. ఆయన విసుక్కోకుండా చదివేవాడు. వెళ్లేటప్పుడు సంచిలో దోసెడు వేరుశనగకాయలు పోసేది.

నాలుగు మూలలా పసుపు పూసిన కార్డు కనిపిస్తే వీధి చివరి నుంచే కేక వేసేవాడు. చావు కబురు తెచ్చిన రోజు మాత్రం బెల్లు కొట్టడు. ఆ చావు కార్డు చదివాక చింపేసేవాళ్లం, గడప దాటనిచ్చేవాళ్లం కాదు.

పత్రిక మూలలకు నేనూ పసుపు రాశాను. 47 రూపాయలైనా సరే, అది వాట్సాప్‌లో పంపడానికి నాకు మనసు ఒప్పలేదు.