పట్టుకున్నవాడు వదలనప్పుడు

పాత విద్యార్థినిగా చెబుతున్నాను: మన పాఠశాలలో కరాటే తరగతులు మొదలైన 1990ల తొలి రోజుల్లో విజయనగరంలో ఆ విద్యకు కొత్తదనం ఇంకా పోలేదు. వ్యాయామం మాత్రం ఈ ఊరికి కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టి, ఇక్కడ పెరిగి, సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా బలప్రదర్శనలు ఇచ్చిన కోడి రామ్మూర్తి నాయుడు గారి గురించి గర్వంగా చెప్పే పెద్దలు మా చిన్నతనంలో ప్రతి వీధిలోనూ ఉండేవారు. పైడితల్లమ్మ సిరిమానోత్సవంలో పులివేషాల నడుమ కర్రసాము చేసేవాళ్లు కర్రను గిరగిరా తిప్పుతూ జనంలో దారి చేసుకొంటూ వెళ్లడం మేమందరం చూసినదే. అయినా మా ఇళ్లలో ఎవరూ మమ్మల్ని కర్రసాముకు పంపలేదు. తెల్లటి దుస్తులు, రంగు బెల్టులు, పరీక్షలు, సర్టిఫికెట్లు ఉన్న కరాటేకు పంపారు. అది బడి చదువుకు దగ్గరగా కనిపించి ఉంటుంది.

వాళ్లు పొరబడలేదు కూడా. కరాటే పుట్టిల్లయిన జపాన్‌లోని ఒకినావా ద్వీపంలో ఇటోసు అంకో అనే గురువు 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఈ విద్యను బడిపిల్లలకు వ్యాయామంగా నేర్పడం మొదలుపెట్టి, వాళ్ల కోసమే పినాన్ అనే 5 కతాలను (ఒంటరిగా, ఒక క్రమంలో చేసే కదలికల వరుసలను) కూర్చాడు. ఆయన దగ్గర నేర్చుకొన్న ఫునాకోషి గిచిన్ 1922లో టోక్యో వెళ్లి ప్రదర్శన ఇచ్చి, అక్కడే ఉండిపోయి, ఆ కతాలకే హెయాన్ అని పేరు మార్చాడు. ఉదయం ప్రార్థనకు ముందు మన మైదానంలో వరుసలు కట్టి, ‘ఇచ్, ని, సాన్, షి’ అని లెక్కపెడుతూ మేము చేసిన హెయాన్ షోదాన్ (ఆ కతాల్లో మొదటిది) ఆ బడి డ్రిల్లు వంశానిదే. సమానమైన ఎడం, లెక్క ప్రకారం అడుగు, అందరూ ఒకేసారి తిరగడం, చివరికి బయలుదేరిన చోటికే వచ్చి ఆగడం, ఇవన్నీ ఒక్క ఉపాధ్యాయుడు ఒక తరగతినంతా నడిపించడానికి ఎంతో అనువైన పద్ధతులు. వీధి తగాదాలో వీటిలో ఏదీ ఉండదు.

నేను వృత్తిరీత్యా న్యాయవాదిని. గృహహింస, దౌర్జన్యం కేసులతో వచ్చే ఆడవాళ్లు, వాళ్ల వెంట వచ్చే తల్లులు నేను చిన్నప్పుడు కరాటే నేర్చుకొన్నానని తెలిస్తే అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘మా అమ్మాయిని కూడా చేర్పించమంటారా, ఏమైనా పనికొస్తుందా?’ చేర్పించమనే చెబుతాను. అయితే ఏ రకమైన తరగతిలో చేర్పించాలో చెప్పడానికి కొంచెం సమయం పడుతుంది, ఎందుకంటే ఆ జవాబు మన మైదానంలోనే, వాలీబాల్ కోర్టు పక్కన ఇసుకలో ఒక ఉదయం నాకు దొరికింది.

మన మాస్టారు ఉద్యోగం చేసుకొంటూ, డ్యూటీ లేని పూటల్లో సైకిల్ మీద వచ్చి నేర్పేవారు. మా దుస్తులు జపాన్ నుంచి రాలేదు. ముతక గాడా గుడ్డతో దర్జీ చేత కుట్టించుకొన్నవి. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే పిడికిలి విసిరినప్పుడల్లా చొక్కా చెయ్యి ‘ఫట్’మని మోగేది, ఆ మోత విని మా గుద్దుకు నిజంగానే బలం వచ్చిందని మురిసిపోయేవాళ్లం. ఆ రోజు పాఠం, మణికట్టు పట్టుకొంటే విడిపించుకోవడం. ఎదుటివాడి నాలుగు వేళ్లతో మనం పోరాడకూడదు. వాడి బొటనవేలు ఉన్న వైపుకు చెయ్యి తిప్పి, మోచేతిని వాడి వైపు నెడుతూ లాగితే పట్టు జారిపోతుంది. జతలు జతలుగా చేశాం. అందరికీ వచ్చేసింది. పక్కనున్న స్నేహితురాలు మెత్తగా పట్టుకొని, మనం తిప్పగానే మర్యాదగా వదిలేస్తే ఎందుకు రాదు?

మాస్టారు కాసేపు చూసి, మైదానం చివర కబడ్డీ ఆడుతున్న పదో తరగతి కుర్రాడిని పిలిచి నా మణికట్టు పట్టుకోమన్నారు. అతడు మొహమాటంగా పట్టుకొన్నాడు. ‘ఏటి బాబూ, ఆటలాడుతున్నావేటి? రెండు సేతుల్తో పట్టుకొని లాక్కెళ్లిపో’ అని గద్దించేసరికి ఆ కుర్రాడు నిజంగానే లాగాడు. నా దగ్గర అప్పటికి ఆకుపచ్చ బెల్టు ఉంది. బొటనవేలు వైపు తిప్పడం గుర్తుంది, మోచెయ్యి నెట్టడం గుర్తుంది, కాని తిప్పడానికి నిలబడితే కదా! పాదాలు ఇసుకలో రెండు చాళ్లు తీసుకొంటూ నేను వాలీబాల్ స్తంభం దాకా వెళ్లిపోయాను. రెండోసారీ అంతే. అప్పుడు మాస్టారు నా పక్కకు వచ్చి, ‘సెయ్యి సంగతి మర్చిపోవమ్మా. ముందు మోకాళ్లు వంచు. ఆడు లాగుతున్నాడు కదా, నువ్వూ ఆడి మీదికే ఎల్లిపో’ అన్నారు. వెనక్కి గుంజుకోవడం మాని, మోకాళ్లు వంచి బరువు కిందికి దించి, అతడు లాగే వైపే ఒక పెద్ద అడుగు వేసి, మోచేతిని అతడి రొమ్ముకు గుచ్చేసరికి ఆ కుర్రాడి మడమలు తేలిపోయాయి. మణికట్టు దానంతట అదే బయటికి వచ్చింది.

చెయ్యి విడిపించుకొనే ఆ పట్టు మాకు అప్పటికే వచ్చినదే. మాకు అంతవరకు లేనిది, వదలకూడదని నిశ్చయించుకొన్న మనిషి. కబడ్డీ ఆడే పిల్లలకు బెల్టులు లేవు, కతాలు లేవు, కాని రోజూ సాయంత్రం నలుగురు మీద పడి కాళ్లూ నడుమూ పట్టుకొంటే గీత దాకా ఈడ్చుకొంటూ రావడం వాళ్లకు అలవాటు. పట్టు ఎటు నుంచి వస్తుందో, ఊపిరి ఎప్పుడు అయిపోతుందో వాళ్ల శరీరానికి తెలుసు. మన ఊళ్లలో ఆత్మరక్షణ గురించి మాట్లాడేవాళ్లు కబడ్డీని ఎందుకు లెక్కలోకి తీసుకోరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈ సంగతిని చాలా ముందుగా గ్రహించినవాడు జూడో స్థాపకుడు కానో జిగోరో. ఆయన 1882లో టోక్యోలో కొడోకాన్ అనే శిక్షణశాల పెట్టినప్పుడు, జుజుత్సు అనే పాత జపాన్ పోరాట విద్యలోని దెబ్బలను, కీళ్లు విరిచే ప్రమాదకరమైన పట్లను స్వేచ్ఛా సాధనలో నుంచి తీసివేసి, మిగిలిన విసురులను, పట్లను ఇద్దరూ పూర్తి బలంతో, ఒకరికొకరు లొంగకుండా సాధన చేసే రందోరి పద్ధతికి పెద్దపీట వేశాడు. కళ్లు పొడవడం, గొంతు మీద కొట్టడం వంటి ‘ప్రాణాంతక’ విద్యలను గాలిలో వందసార్లు అభ్యసించినవాడి కంటే, సాదా విసురును రోజూ ఎదురు తిరిగే మనిషి మీద అభ్యసించినవాడే అవసరానికి నిలబడతాడన్నది ఆ పద్ధతి వల్ల తేలిన విశేషం. ఆ కొడోకాన్‌లో తయారైన మయేదా మిత్సుయో బ్రెజిల్ చేరి నేర్పిన విద్య గ్రేసీ కుటుంబం చేతుల్లో పెరిగింది. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన మొదటి యు.ఎఫ్.సి. పోటీలో (వేర్వేరు పోరాట విద్యలవాళ్లు ఒకే బరిలో తలపడే పోటీ) రాయిస్ గ్రేసీ తనకంటే బరువైనవాళ్లను నేల మీదికి తెచ్చి లొంగదీసుకొన్నాడు. అయితే ఆ బరిలో ప్రత్యర్థి ఒక్కడే, కింద మెత్తటి నేల, పక్కన రిఫరీ. బస్టాండు వెనక సందులో నేల మీద పడి ఒకడిని పట్టుకొంటే రెండోవాడి కాలు ఎక్కడ తగులుతుందో వేరే చెప్పనక్కరలేదు.

కరాటే పోటీల దారి దీనికి పూర్తిగా వేరు. అక్కడ దెబ్బ తగిలీ తగలకుండా ఆగాలి. టోక్యో ఒలింపిక్స్‌లో, అంటే 2021 ఆగస్టులో, పురుషుల 75 కిలోల పైబడిన విభాగం ఫైనల్లో సౌదీ అరేబియాకు చెందిన తారెగ్ హమీది ఆధిక్యంలో ఉండి, తలకు తన్నిన తన్నుతో ఇరాన్ క్రీడాకారుడు సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. అతిగా కొట్టినందుకు హమీదిని అనర్హుడిని చేసి, స్ట్రెచర్ మీద వెళ్లినవాడికే స్వర్ణం ఇచ్చారు. ఆట నియమాల ప్రకారం అది సరైన తీర్పే. దూరాన్ని అంగుళాల్లో కొలిచే ఆ నేర్పు గొప్ప నేర్పే. కాకపోతే పన్నెండేళ్ల పిల్ల మెడలో పతకం చూసి ఇక ఎవరూ ఆ పిల్లను ఏమీ చేయలేరని తండ్రి ధీమాగా ఉండడానికి ఆ పతకం పూచీ కాదు.

వార్షికోత్సవాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మంట పెట్టిన పెంకుల దొంతర పగలగొట్టడం, చేతుల మీదుగా మోటారు సైకిల్ పోనివ్వడం, తలతో ట్యూబులైట్లు బద్దలు కొట్టడం వంటివి ఆ రోజుల్లో అన్ని బడుల్లోనూ ఉండేవి, మన బడిలోనూ ఉండేవి. పెంకుకూ పెంకుకూ మధ్య పెన్సిలు ముక్కలు పెడతారు. ఆ ఖాళీ వల్ల పై పెంకు విరిగి కిందదాని మీద పడి, అది దాని కిందదాని మీద పడి, దొంతరంతా కూలుతుంది. ఖాళీ లేకుండా పేరిస్తే అందులో సగం పగలగొట్టడమూ కష్టం. ప్రదర్శన అయిన మర్నాడు మాస్టారే మాకు పెన్సిళ్లు తీసివేసి మరీ చూపించారు. చప్పట్లు కొట్టినవారికి ఆ రెండో ప్రదర్శన చూసే అవకాశం కలగలేదు.

కత్తి విషయంలో ఆయన మరింత కచ్చితంగా ఉండేవారు. చెక్క కత్తితో పైనుంచి నెమ్మదిగా పొడవడం, మనం చెయ్యి అడ్డం పెట్టి మెలితిప్పి లాక్కోవడం అనే దృశ్యాన్ని మా చేత ఎప్పుడూ చేయించలేదు. కత్తి ఉన్నవాడికీ నీకూ మధ్య బల్లో కుర్చీయో ఉండాలి, లేకపోతే దూరం ఉండాలి, అదీ లేకపోతే వాడు అడిగిన పర్సు వాడి చేతిలో ఉండాలి అనేవారు. ఎంత దూరం అనే ప్రశ్నకు అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ టూలర్ 1983లో ఒక లెక్క ప్రచురించాడు: కత్తి పట్టుకొన్న మనిషి సుమారు 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకనులో దాటి మీద పడగలడు. ఒరలోంచి తుపాకీ తీసి కాల్చడానికి శిక్షణ ఉన్న పోలీసుకే దాదాపు అంత సమయం పడుతుంది. ఒట్టి చేతులతో ఉన్న పదో తరగతి పిల్ల సంగతి ఆలోచించుకోవచ్చు.

ఇంతకీ నాకు పనికొచ్చినవి ఏవంటే, మొదటిది పడడం. గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు నేలకు ఊతంగా చాపకుండా, భుజం మీదుగా దొర్లడం మాస్టారు ఇసుకలో విసుగు పుట్టేదాకా చేయించారు. పెళ్లయిన కొత్తలో వాన పడిన రోడ్డు మీద స్కూటర్ జారితే నా మోచేతుల చర్మం లేచిపోయింది కాని తల నేలకు తగలలేదు. మనలో ఎక్కువమందిని జీవితంలో దుండగుడి కంటే రోడ్డే ముందు పడేస్తుంది కనుక, ఏ తరగతి అయినా పడడం నేర్పకుండా తన్నడం నేర్పుతున్నదంటే నాకు దాని మీద నమ్మకం కుదరదు. రెండోది గొంతు. విశాఖపట్నంలో లా చదివే రోజుల్లో కిక్కిరిసిన బస్సులో వెనక నిలబడినవాడి చెయ్యి నడుము మీదికి వస్తే, ఆ చేతిని పట్టి పైకెత్తి, మైదానంలో కియాయ్ అరిచినట్టు కడుపులోంచి ‘ఎవరిదీ చెయ్యి?’ అని అరిచాను. బస్సంతా తిరిగి చూసింది, కండక్టర్ బెల్లు కొట్టి అతడిని దింపేశాడు. అందులో ఏ పట్టూ లేదు. అంత దగ్గరగా మరో శరీరం వచ్చి మీద పడినప్పుడు కొయ్యబారిపోకుండా ఉండడం మాత్రం, రోజూ ఉదయం ఎవరో ఒకరు నన్ను పట్టి గుంజినందువల్ల వచ్చింది.

అయితే నా టేబులు ముందు కూర్చొని చెప్పుకొనే వాళ్ల కథల్లో బస్సులోని అపరిచితుడు అరుదు. జాతీయ నేర గణాంకాల్లో ఏటా అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. మేనమామ వరసవాడిని, ట్యూషన్ మాస్టారిని, కాబోయే భర్తను మోచేత్తో గుద్దడానికి కావలసింది కండబలం ఒక్కటే కాదు; ‘ఇంట్లో వాళ్లు ఏమంటారో’ అన్న బెరుకును దాటడం. కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో పరిశోధకురాలు షార్లీన్ సెన్ బృందం ఒక ఆత్మరక్షణ శిక్షణ మీద 893 మంది మొదటి సంవత్సరం విద్యార్థినులతో జరిపిన అధ్యయనం ఫలితాలు 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. 12 గంటల ఆ శిక్షణలో దెబ్బలు, పట్లు ఒక భాగం మాత్రమే; పరిచయస్తుల ప్రవర్తనలో ప్రమాదాన్ని పసిగట్టడం, మొహమాటం విడిచి ముందే గట్టిగా కాదనడం మిగిలిన సమయంలో ఎక్కువ భాగం తీసుకొన్నాయి. ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవారు, కరపత్రాలు మాత్రమే అందుకొన్న వర్గంలో 9.8 శాతం ఉండగా, శిక్షణ పొందిన వర్గంలో 5.2 శాతం ఉన్నారు. నేను చూసిన కరాటే తరగతుల్లో ఆ మిగిలిన భాగం ఎక్కడా లేదు.

చట్టం సంగతి కూడా పిల్లలకు చెప్పాలి, అది నా వృత్తి కనుక అంటున్న మాట కాదు. ఒకప్పటి భారత శిక్షాస్మృతిలో (ఐ.పి.సి.) 96 నుంచి 106 వరకు ఉన్న ఆత్మరక్షణ హక్కు సెక్షన్లు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్నాయి. ప్రమాదం తప్పదన్న సమంజసమైన భయం కలిగిన క్షణంలో హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతవరకే నిలుస్తుంది. రక్షణకు అవసరమైనదానికి మించి హాని చేయకూడదు. మీద పడ్డవాడిని తోసి పారిపోతే చట్టం మీ వెనక ఉంటుంది. కిందపడ్డవాడిని మళ్లీ తన్నితే మీరే నిందితుల బోనులో నిలబడవచ్చు. దాడిలో ఉన్న మనిషి తన దెబ్బలను తూకం వేసి కొట్టాలని ఆశించడం అవాస్తవమని సుప్రీంకోర్టు 2010లో దర్శన్ సింగ్ కేసులో స్పష్టం చేసింది కాబట్టి, భయపడి చేతులు కట్టుకోవలసిన అవసరమూ లేదు.

కేంద్ర పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ పాఠశాలల్లో బాలికలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇప్పుడు ఉంది. మూడు నెలల్లో ఒక కతా కూడా నిలకడగా రాదు. కాని పడడం, అరవడం, మోకాళ్లు వంచి మీదికి అడుగు వేయడం, పట్టు విడిపించుకొని పరుగెత్తడం, అత్యవసర నంబరు 112కు ఫోన్ చేసి ఉన్న చోటు సరిగ్గా చెప్పడం, ఇవి వస్తాయి. మన బడిలో ఈ ఏడాది తరగతులు మళ్లీ మొదలుపెట్టాలని అనుకొంటున్నారు కనుక, వరుసల కసరత్తు ఎలాగూ ఉండనివ్వండి, వారంలో ఒక పూటైనా ఎదురు తిరిగే జతతో సాధన ఉండాలని, ఆడపిల్లలకు ఒక మహిళా శిక్షకురాలు ఉండాలని మా బ్యాచ్ తరఫున కోరుతున్నాను. అందుకు కావలసిన మందపాటి చాపల ఖర్చు మేము భరిస్తాం. వార్షికోత్సవానికి పెంకులు పగలగొట్టించి తీరాలని పట్టుబట్టే మిత్రులు మాత్రం ఆ చందా వేరుగా వసూలు చేసుకోవలసిందిగా మనవి.