సిరొంచల సూసేదేమున్నది బిడ్డా?

కాళేశ్వరం దాకా ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకిచ్చే ఫ్రీ జీరో టికెట్. అక్కడి నుంచి గోదావరి వంతెన అవతల సిరొంచకు ఆటో అతను రెండు వందలు అన్నాడు. హనుమకొండలో పొద్దున్నే ఎక్కి, పరకాల, భూపాలపల్లి, కాటారం, మహదేవ్‌పూర్ మీదుగా బొగ్గు లారీలూ ఇసుక లారీల వెనకాల దుమ్ము మింగుతూ వంద కిలోమీటర్ల పైచిలుకు వస్తే పైసా ఖర్చు కాలేదు, ఒక్క వంతెన దాటించడానికి రెండొందలా అని ఒళ్లు మండింది. "అక్కా, అది మహారాష్ట్ర" అన్నాడు, అదేదో వీసా కావాల్సిన దేశం అయినట్టు. షేరింగ్ అయితే ముప్పైకే వస్తాడట, కాకపోతే ఆటో నిండాలి. సరే, నిండేదాకా కూర్చుందాం అనుకున్నాను.

గుడి గురించి రాయను, మన వైపు వాళ్లు చూడనిది కాదు. ఒకే పానవట్టం మీద కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు, రెండు లింగాలు. 2025 మేలో సరస్వతి పుష్కరాలప్పుడు టీవీలో జనాన్ని చూసే భయపడి రాలేదు. ఇప్పుడు కార్తీకం కూడా వెళ్లిపోయింది కాబట్టి దర్శనం తొందరగానే అయింది, కొబ్బరికాయ రేటు మాత్రం పుష్కరాల నాటిదే అనిపించింది.

ఆటోలో నా పక్కన ఒక అవ్వ వచ్చి కూర్చుంది. ఒళ్లో స్టీల్ టిఫిన్, దాని మీద న్యూస్ పేపర్‌లో చుట్టిన సర్వపిండి. నూనెకు పేపరు తడిసి, వేళ్లతో పెట్టిన చిల్లులు బయటికే కనిపిస్తున్నాయి, నువ్వుల వాసన ఆటో అంతా.

"యాడికి బోతున్నవ్ బిడ్డా?"

"సిరొంచకు అవ్వా."

"ఎవలింటికి?"

"ఎవరింటికీ కాదు, ఊరు చూద్దామని."

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "సిరొంచల సూసేదేమున్నది బిడ్డా? గుడి ఇటే ఉండె గదా."

ఇంగ్లీషువాళ్ల ఊరు చూడ్డానికి అంటే ఆటోలో అందరూ నవ్వారు. కానీ నిజం అదే. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసి, రాయచూరు, నల్‌దుర్గ్ వైపు ప్రాంతాలు వెనక్కి తెచ్చుకున్నాడు. అట్లా చేతికొచ్చిన అడవిని అప్పర్ గోదావరి జిల్లా చేసి సిరొంచలో కచేరీ పెట్టారు వాళ్లు. అంటే 1947 దాకా కాళేశ్వరం నిజాం రాజ్యం, ఎదురుగా కనిపించే ఒడ్డు ఇంగ్లీషు రాజ్యం. ఇక్కడ డిప్యూటీ కమిషనర్‌గా చేసిన గ్లాస్‌ఫర్డ్ పేరు ఇంకా పోలేదు, ఈ తాలూకాలో గ్లాస్‌ఫర్డ్‌పేట అనే పల్లె ఉంది.

అవ్వకు ఇవేం పట్టలేదు. ఆమె పుట్టింది సిరొంచలో, ఇచ్చింది మహదేవ్‌పూర్‌లో. తమ్ముడి మనవరాలికి చీర ఫంక్షన్ అని పోతోంది. వంతెన మీదికి రాగానే కిందికి చూసి ఆమే మొదలుపెట్టింది. ఎండాకాలం ఇసుకలో నడిచి, మోకాళ్ల లోతు నీళ్లు దాటి పోయేవాళ్లట. వానాకాలం పడవ. "మా అవ్వ సచ్చిన కబురు వానల్ల వచ్చింది. వాగు గాదు గద, గంగ. పడవోడు ఎయ్యనన్నడు. రెండు దినాలు గీ ఒడ్డుకే కూసున్న, ఆ ఒడ్డు గూడ కనవడలే." అంత మాట చెప్పి, వెంటనే డ్రైవర్ మీదికి మళ్లింది, పది రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నావని. ఆ గొడవ ఊళ్లోకి వచ్చేదాకా తెగలేదు, చివరికి అవ్వే గెలిచింది.

ఊళ్లో బోర్డులన్నీ మరాఠీ, మాటలన్నీ మనవే. హోటల్లో పోహా తింటూ టీ అడిగితే "చక్కెర తక్కువనా అక్కా?" అన్నాడు పిల్లవాడు. ఇంగ్లీషువాళ్ల కాలం నాటి విశ్రాంతి గృహం ప్రాణహిత ఒడ్డున ఉంది. ఎవరో ఆఫీసర్లు దిగారట, వరండా దాకే పోగలిగాను. కిటికీ గూట్లో మోచేయి ఆనిస్తే గోడ మందం తెలిసింది, నా మూరకు పైనే. కింద ప్రాణహిత, ఇంకాస్త దిగువన గోదావరిలో కలిసే చోటు. కూర్చోవడానికి మాత్రం భలే జాగా చూసుకున్నారు.

అసలు వాళ్లు ఇక్కడికి వచ్చింది పత్తి కోసం. నాగపూర్, బేరార్ పత్తిని ఈ నది మీద పడవల్లో కాకినాడ దగ్గరి కోరంగి రేవుకు దించాలని ఆర్థర్ కాటన్ ప్లాను. అడ్డొచ్చిన రాతి బండల దగ్గర ఆనకట్టలు, లాకులు, పక్కన కాలువలు. దుమ్ముగూడెం మొదటిది, ఇచ్చంపల్లి రెండోది, దేవలమర్రి మూడోది. అమెరికాలో యుద్ధం వచ్చి పత్తి రేటు పెరిగిన రోజుల్లో బాగానే ఊపు మీదున్నారు. 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది, ఇక పడవెవరికి కావాలి? 1871లో పనులు ఆపేశారు. 1874లో జిల్లానే ఎత్తేసి సిరొంచను చాందాలో (ఇప్పటి చంద్రపూర్) కలిపేశారు.

ఇదంతా తలుచుకుంటే నవ్వొచ్చింది. అదే ఇచ్చంపల్లి పేరుతో మన ప్రభుత్వాలు కూడా పెద్ద ప్రాజెక్టు అన్నాయి, అది కాగితం దాటలేదు. దానికి కొంచెం ఎగువన మేడిగడ్డ బ్యారేజీ కట్టారు, 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగాయి. ఈ వంపులో నదికి పెద్ద పెద్ద ప్లాన్లంటే పడదేమో. మనుషులు దాటడానికి వేసిన వంతెన ఒక్కటే పనికొచ్చింది, దాని మీద ఆటోలు నిండుగా తిరుగుతున్నాయి.

ఇక్కడికి దగ్గర్లోనే కోట అనే పల్లె ఉంది, రాక్షసబల్లుల ఎముకలున్న రాతి పొరకు దాని పేరే పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టిన కోటసారస్ ఆ పొరలోదే, ఎముకలు మన వైపు యామన్‌పల్లి దగ్గర దొరికాయి. స్కూలు టూరులో దాని కింద నిలబడి ఫొటో దిగాం, అది మన పక్క ఊరిదని ఒక్క సార్ కూడా చెప్పలేదు. అటు పోదామంటే టైం చాలలేదు, తిరుగు బస్సు టెన్షన్.

భద్రాచలం వెళ్లినప్పుడల్లా రాముణ్ని చూసి, పర్ణశాల చూసి వచ్చేస్తాం. దుమ్ముగూడెం ఆ దారిలోనే ఉంది, కాటన్ ఆనకట్ట ఇప్పటికీ అక్కడే ఉంది. ఈసారి మధ్యలో దిగుతాను. ఎండాకాలంలో మాత్రం కాదు.